స్టాండ్‌బైలో మొదటి పేరు

పోయిన వారం కూరగాయలకని సంచి పట్టుకొని బయలుదేరి, సిరిసిల్లలో మా ఇంటి వెనక వీధి హైస్కూలు గేటు దగ్గర ఆగిపోయాను. గేటు ఊచలకు కట్టిన ఫ్లెక్సీ ఒకటి గాలికి ఉబ్బుతూ ఉంది. అక్షరాలు తెలుగువే గానీ అందులో తెలుగు మాట వెతికినా దొరకదు. ఓపెన్ సెలక్షన్ ట్రయల్స్, అండర్ సెవెంటీన్ గర్ల్స్, రిపోర్టింగ్ టైమ్, ప్రాబబుల్స్ లిస్ట్ అని వరుసగా ఉన్నాయి. ముగ్గురు ఆడపిల్లలు సైకిళ్ల మీదే ఒక్కో కాలు నేలకు ఆనించి దాన్ని చదివారు. ఎవరూ ఎవరికీ అర్థం చెప్పలేదు. "ప్రాబబుల్స్‌ల వస్తె సాలు, ఫైనల్ సంగతి తర్వాత సూస్కుందం" అని వాళ్లలో ఒకతె అంటే, మిగతా ఇద్దరూ తలలూపి వెళ్లిపోయారు. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వంకాయలు అమ్మే ఆమె బండి తోసుకుంటూ వచ్చి, ఏంది టీచరమ్మా, అడ్మిషన్లా అని అడిగితే, అవునో కాదో తెలియకుండానే ఏదో చెప్పి వచ్చేశాను.

నా ఈడు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు గానీ, ఈ మాటలు మా దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది. మా చిన్నతనంలో ఇంగ్లీషంటే మందు సీసా మీద ఉండేది, రేడియోలో క్రికెట్ చెప్పే అతని నోట్లో ఉండేది, తాలూకా ఆఫీసు నుంచి వచ్చే కాగితంలో ఉండేది. మూడింటిలో ఏదీ మనతో మాట్లాడేది కాదు. నేను కరీంనగర్‌లో బి.ఏ. చదివి, తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో, మా ఊరి ఆడపిల్లల బడిలో తాత్కాలికపు ఇంగ్లీషు టీచరుగా చేరాను. తాత్కాలికం అన్న మాట ఎంత బరువో చేసినవాళ్లకే తెలుసు. ప్రతి వేసవికీ ఉద్యోగం అయిపోయేది, ప్రతి జూన్‌లోనూ మళ్లీ ఎవరి గుమ్మం ముందో నిలబడాల్సి వచ్చేది.

మా బడిలో డ్రిల్ సారు ఒకాయన ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎండకు మాడిన మొహం, మెడలో నల్లదారానికి విజిలు. ఆయనకు ఆటలన్నీ తెలుసు, ఇంగ్లీషు ఒక్కటే రాదు. జిల్లా నుంచి ఆటల పోటీల సర్క్యులర్ వచ్చినప్పుడల్లా దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకొని, టీచర్ల గదిలో ఎవరూ లేని సమయం చూసి నా దగ్గరికి తెచ్చేవారు. అలా ఒక సంవత్సరం ఖోఖో పోటీల సర్క్యులర్ వచ్చింది. అందులో మాటలన్నీ పిల్లలకు కూడా చెప్పమని, అక్కడికి పోయినంక ఎవరన్నా మైకులో ఇంగ్లీషు పిలిస్తే మన పిల్లలు దిక్కులు చూడకూడదని ఆయన కోరిక. నాకూ ముచ్చటేసింది. ఒకరోజు సాయంత్రం ఆట పిల్లలందరినీ తొమ్మిదో తరగతి గదిలో కూర్చోబెట్టి, నల్లబల్ల మీద ఆ మాటలన్నీ రాశాను.

ట్రయల్స్ అంటే దర్జీ దగ్గర జాకెట్టు తొడిగి చూసుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ వాళ్లు మనల్నే తొడిగి చూసుకుంటారని చెబితే పిల్లలు కిసకిసా నవ్వారు. ప్రాబబుల్స్ అంటే పెళ్లిచూపుల్లో నచ్చి, ఇంకా ఖాయం చేసుకోని పిల్లల్లాంటి వాళ్లని చెప్పాను. ఎలిజిబిలిటీ, ఫిట్‌నెస్, చెస్ట్ నంబర్, బోనఫైడ్, ఫైనల్ ట్వెల్వ్. ప్రాబబుల్స్ వాళ్ల నోట్లో పరాబబుల్స్ అయింది, బోనఫైడ్ కాస్తా బోనపైడు అయింది. ఎవరు ఎలా పలికినా తప్పని అనలేదు. వాళ్లందరిలో ఒకే ఒక్క పిల్ల ఆ మాటలన్నిటినీ నోట్‌బుక్కు చివరి పేజీలో ఎక్కించుకొని, పక్కన తెలుగులో అర్థం రాసుకుంది. ఆ పిల్ల మా చిన్నమ్మ బిడ్డ, నాకు చెల్లె. అప్పుడు తొమ్మిదో తరగతి.

మా చిన్నమ్మ అంటే మా అమ్మ సొంత చెల్లెలు. ఆమె ఇంట్లో నాలుగు సాంచాలు ఉండేవి. బయటి ఊళ్లవాళ్లు పవర్‌లూమ్‌లంటారే, వాటిని మేము సాంచాలంటాం. ఆ మోతలో పుట్టిన పిల్లలు ఎక్కడ మాట్లాడినా గట్టిగా మాట్లాడతారు; మా చెల్లె మాత్రం ఎందుకో తగ్గు గొంతుతో మాట్లాడేది. పొద్దున లేచి తల్లితో పాటు దారం కండెలు చుట్టి, బడికి వచ్చి, బడి వదిలాక మైదానానికి పోయేది. ఖోఖోలో ఆమె పరిగెత్తడం చూస్తే మీకు తెలిసేది. వేగం ఒక్కటే కాదు. ఎదుటి పిల్ల చేయి చాచేదాకా ఆగి, ఆ చేయి తాకబోయే క్షణంలో నడుము తిప్పి అవతల ఉండేది. ఆమె ఒక్కదాన్ని పట్టుకోవడానికి అవతలి జట్టు జట్టంతా లేచి, కూర్చొని, లేచి అలసిపోయేది. డ్రిల్ సారు విజిలు నోట్లో పెట్టుకొని ఊదడం మరిచిపోయేవారు.

ఆమె తర్వాత చెప్పాల్సింది ఆమె అన్న గురించి. నాకు తమ్ముడి వరస. జగిత్యాలలో ఇంటర్ చదువుతుండేవాడు, మంచి చదువరి. ఆ రోజుల్లో మా వైపు కాలేజీ పిల్లలు ఎలా ఉండేవాళ్లో, గోడల మీద ఎర్ర రాతలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక సెలవుకు ఇంటికి వచ్చి, రెండు రోజులు సాంచాల దగ్గర తండ్రికి సాయం చేసి, మూడోనాడు మధ్యాహ్నం అన్నం తిని, దోస్తును కలిసొస్త అని పోయినవాడు మళ్లీ రాలేదు. అన్నల్ల కలిసిండట, అడవిల ఉన్నడట అని నాలుగో రోజుకే వాడకట్టంతా అనుకున్నారు. ఆ నెలలోనే పోలీసులు పట్టపగలు వచ్చి ఇల్లంతా చూసి, బీములకు చుట్టిన దారం కూడా కదిపి చూసిపోయారు. అప్పటినుంచి మా చిన్నబాపు, అంటే చిన్నమ్మ భర్త, వారానికోసారి ఠాణాకు పోయి సంతకం పెట్టి రావాలి. ఇంటికి వచ్చేపోయేవాళ్లు తగ్గారు. ఎవరూ ఏమీ అనలేదు, రావడం మానేశారంతే. మేమూ పోవడం తగ్గించామని ఒప్పుకోవాలి. మా నాన్న ఒక సాయంత్రం నాతో, నీది ఇంకా పర్మనెంట్ కాని కొలువు బిడ్డా, జర చూసుకొని మసులుకో అన్నాడు. దేన్ని చూసుకోవాలో నాకు తెలుసు.

జోన్ పోటీలు కోరుట్లలో పెట్టారు. ఆడపిల్లలతో ఒక ఆడ టీచరు తప్పకుండా ఉండాలని సర్క్యులర్‌లో ఉంది గనక నన్ను పంపారు. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. అందర్నీ దింపి, సంచులు తెరిపించి, మగవాళ్లను వేరుగా నిలబెట్టారు. డ్రిల్ సారు సంచిలో కాగితం పొట్లం ఒకటి కనిపించింది.

"గిదేంది?" అన్నాడు ఒక పోలీసు.

"సున్నం సార్. గీతలు గీయనీకి."

"ఏం గీతలు?"

"ఖోఖో గీతలు సార్. ఆట పిల్లలు సార్ వీళ్లు."

ఆ పోలీసు పొట్లం విప్పి, వేలితో అద్ది, వాసన చూసి తిరిగిచ్చాడు. నవ్వొచ్చే సంగతే గానీ ఎవరం నవ్వలేదు. తర్వాత ఇంకొకతను మా పిల్లల లిస్టు అడిగి తీసుకొని, బస్సు మెట్టు మీద కూర్చొని, ఒక్కో పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. ఎండలో నిలబడి ఆ పేర్లు రాస్తుంటే చూశాను. మా చెల్లె పేరు దగ్గర అతని కలం ఆగిందో లేదో అప్పుడు గమనించలేదు. తర్వాత ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా, ఆగినట్టే అనిపిస్తుంది. అది నిజంగా జరిగిందో, నేను కల్పించుకున్నానో చెప్పలేను.

కోరుట్లలో పసుపు ఆరబెట్టే కాలమది. ఊరంతా ఆ వాసనే. పిల్లలు ఆడుతుంటే జనం గోడలెక్కి చూశారు. మా జట్టు ఓడిపోయింది గానీ, మా చెల్లె ఒక్కతే ప్రాబబుల్స్‌లోకి వచ్చింది. మైకులో ఆమె పేరు చదివినప్పుడు నా వైపు చూసి, పరాబబుల్స్ అని పెదవులతో అని నవ్వింది. తిరుగు బస్సులో డ్రిల్ సారు ఆమెకు కిటికీ పక్క సీటు ఇచ్చి, మూడు సార్లు లేచి, దాహమైతుందా బిడ్డా అని అడిగారు. ఆయన అలా ఎవర్నీ అడగగా నేను చూడలేదు.

చివరి సెలక్షన్లు జగిత్యాలలో, రెండు రోజులు. ప్రాబబుల్స్‌లో ముప్ఫై మంది దాకా పిల్లలుంటే, పన్నెండు మందిని తీసుకొని జిల్లా జట్టుగా రాష్ట్ర పోటీలకు పంపుతారు. చిన్నమ్మ ఇంట్లో మిగిలిన గుడ్డతో ఒక సల్వారు కుట్టి ఇచ్చింది. బిడ్డ పోతుందంటే చిన్నబాపు అవుననలేదు, కాదనలేదు, బస్టాండు దాకా వచ్చి సంచి పైన పెట్టి దిగిపోయాడు. ఆ రెండు రోజులూ మా చెల్లె ఎలా ఆడిందో ఎంత చెప్పినా తక్కువే. చెస్ట్ నంబర్ ఏడు. రెండో రోజుకు మిగతా పిల్లలు కూడా ఆమె ఆట వస్తే నీళ్లు తాగడం ఆపి వచ్చి చూశారు. మెట్‌పల్లి పిల్ల ఒకతె ఆమెకు దోస్తు అయింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం సెలక్టర్లు నన్ను హెడ్మాస్టరు గదికి పిలిచారు. చేతిరాత బాగుంటుందని, లిస్టు ఇంగ్లీషులో రాసిపెట్టమని. నాకు గర్వంగానే అనిపించింది. ముగ్గురు సెలక్టర్లు, వాళ్లలో పెద్దాయన జగిత్యాల వైపు ఇంకో బడి డ్రిల్ సారు. ఆయన ఒక్కో పేరు, చెస్ట్ నంబర్ చెబుతుంటే నేను రాశాను. మొట్టమొదటి పేరు మా చెల్లెదే. పన్నెండు పేర్లూ రాయడం అయిపోయి, సంతకాలకు కాగితం ఆయన ముందుకు జరిపే సమయానికి, బయటినుంచి ఒక మనిషి లోపలికి వచ్చాడు. యూనిఫాం లేదు, తెల్ల చొక్కా, చాలా మెత్తని గొంతు. అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. చాయ తెప్పించారు. చాయ తాగుతూ లిస్టు చేతిలోకి తీసుకొని చదివి, నా వైపు తిరిగాడు.

"ఏడో నంబరు పిల్లది సిరిసిల్లేనా మేడం?"

"అవును సార్."

"వీళ్లన్న సంగతి మీకెరుకేనా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు పట్టిన సమయం ఎంతో ఉండదు. మా ఇంటిపేర్లు వేరు గనక మేం చుట్టాలమని అతనికి తెలియదని అర్థమైంది. మా నాన్న మొహం కళ్ల ముందుకు వచ్చింది, జూన్ నెల వచ్చింది, ఠాణాలో సంతకం పెట్టడానికి వరుసలో నిలబడే చిన్నబాపు వచ్చాడు.

"నేను ఇంగ్లీషు టీచర్ను సార్. పిల్లల వెంట వచ్చిన, గంతె," అన్నాను.

అతను తలూపాడు. బెదిరించలేదు, గొంతు పెంచలేదు. చాయ గ్లాసు కింద పెట్టి, మీ ఇష్టం సార్, నేనైతే చెప్పాల్సింది చెప్పిన అని పెద్దాయనతో అని వెళ్లిపోయాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మాట్లాడారు.

"పిల్ల ఆటకు వంక పెట్టేది లేదు మేడం. నా సర్వీసుల గిసొంటి పిల్లను చూడలే. గని గీమెను తోల్కపోతె తొవ్వ పొడుగూత బస్సు ఆపుతరు. తతిమ్మ పదకొండు మంది తల్లిదండ్రులకు నేనేం చెప్పాలె?"

కళ్లద్దాలు పెట్టుకొని కాగితం నా వైపు జరిపారు.

"పేరు కొట్టెయ్యకుండ్రి. కింద స్టాండ్‌బై అని రాసి, అండ్ల మొదలు పెట్టుండ్రి. పిల్ల మనసు గూడ నొవ్వది."

కొత్త కాగితం తీసుకొని మళ్లీ రాశాను. ఖాళీ అయిన చోట, పెద్దాయన చెప్పిన పదమూడో పిల్ల పేరు చేరింది. కింద గీత గీసి, స్టాండ్‌బై అని రాసి, ఒకటో నంబరు పక్కన మా చెల్లె పేరు, రెండో నంబరు పక్కన ఆ మెట్‌పల్లి పిల్ల పేరు రాశాను. చేతిరాత చెదరలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. చేయి వణికి ఉంటే కొంచెమన్నా ఓదార్పుగా ఉండేదేమో.

మైకులో చదివారు. పన్నెండు పేర్లు అయిపోయాక ఆమె మొహం చూడలేక నేను సంచులు సర్దాను. డ్రిల్ సారు నా మొహంలోకి ఒకసారి చూసి, విజిలు తీసి జేబులో వేసుకున్నారు. బస్సెక్కాక ఆమె నా పక్కన కూర్చొని, నోట్‌బుక్కు తీసి చివరి పేజీ తెరిచింది.

"అక్కా, స్టాండ్‌బై అంటె ఏంది? నువ్వు బోర్డు మీద రాయలే గదా."

"గా సర్క్యులర్‌ల లేకుండె," అన్నాను. "నువ్వు గూడ టీంల ఉన్నట్టే. ఎవరికన్న శాతగాకపోతె మొదలు నిన్నే పిలుస్తరు."

ఆమె అది అలాగే రాసుకుంది. నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. నిఘంటువులో చూసినా అదే ఉంటుంది.

రాష్ట్ర పోటీలకు నెల రోజుల పైన టైముంది. ఆ నెల నేను ఎలా గడిపానో చెప్పడం కష్టం. ఆమె రోజూ తెల్లవారుతుండగానే మానేరు ఇసుకలో పరిగెత్తేది. ఇసుకలో ఉరికితే కాళ్లకు బలమని డ్రిల్ సారు ఎప్పుడో చెప్పారట. సంచి సర్ది దండెం కింద పెట్టుకుంది. పోస్టుమాన్ వీధిలోకి వస్తే కండె వదిలి గుమ్మంలోకి వచ్చేది. చిన్నమ్మ నేను కనబడినప్పుడల్లా, బిడ్డా, ఇంక పిలుపు రాలేనా అని అడిగేది. డ్రిల్ సారు మైదానంలో పిల్లలతో ఆడించడం తగ్గించి, ఎక్కువగా నీడలో కూర్చునేవారు.

అందరికన్నా నేను చూడలేకపోయింది చిన్నబాపును. ఆయన తక్కువ మాటల మనిషి. కొడుకు పోయినంక ఆ తక్కువ కూడా లేదు. ఊళ్లో ఎవరైనా పలకరిస్తే కొడుకు గురించి అడుగుతారేమోనని తల వంచుకొని నడిచేవాడు. అలాంటి మనిషి ఆ నెలలో చాయ హోటల్లో కూర్చొని, తనంతట తాను, మా పిల్ల జిల్లా టీంల స్టాండ్‌బై అని నలుగురికీ చెప్పాడు. కెప్టెన్ తర్వాత ఉండే పదవి ఏదో అనుకున్నాడు. ఆదివారం ఠాణాకు పోయి సంతకం పెట్టేటప్పుడు అక్కడి కానిస్టేబుల్‌కు కూడా, మా బిడ్డ స్టాండ్‌బై సార్ అని చెప్పాడట. ఆ మాట చిన్నమ్మే నవ్వుతూ నాకు చెప్పింది. ఆమె నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను. నేనూ నవ్వాను. ఇంకేం చేయగలను?

పోటీలు అయిపోయిన వారానికి మెట్‌పల్లి పిల్ల దగ్గర్నుంచి ఇన్లాండ్ ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకొని మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది చెల్లె. అమ్మ పక్కింటికి పోయి ఉంది. నేను వంటింట్లో బియ్యం చెరుగుతున్నాను. ఉత్తరం నా చేతికిచ్చి, తలుపు చట్రానికి ఆనుకొని నిలబడింది. ఆ పిల్ల పాపం ఎంతో ప్రేమగా రాసింది. పన్నెండు మందిలో ఒకతెకు మలేరియా జ్వరం వచ్చిందని, అప్పుడు తనను పిలిచారని, సిరిసిల్ల పిల్లకు ఒంట్లో బాగాలేదు అందుకే తనను పిలుస్తున్నామని సార్లు చెప్పారని, ఇప్పుడు నీ పాణం ఎట్లుంది అని. చివర, నువ్వు వస్తే మనం గెలుస్తుంటిమి అని.

చదివి మడిచి పెట్టాను. చాట కింద పెట్టాను.

"అక్కా, లిస్టుల మొదలు నా పేరే ఉండె గదా?"

"ఉండె."

"ఎవరు రాసిండ్రు?"

"నేనే రాసిన."

తర్వాత మొత్తం చెప్పాను. తెల్ల చొక్కా మనిషి, చాయ, పెద్దాయన మాటలు, రెండో కాగితం. అంతా విన్నాక అడిగింది.

"నేను నీ చెల్లెనని ఆళ్లకు చెప్పినవా?"

"చెప్పలే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను. ఆమె కొంతసేపు నేలమీద పడ్డ బియ్యపు గింజలను కాలి వేలితో ఒకచోటికి చేర్చింది.

"మంచిగ చేసినవ్. చెప్తె నీ కొలువు గూడ పోతుండె," అన్నది.

ఆమె ఉత్తరం తీసుకొని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"అమ్మకు చెప్పకు అక్కా. బాపుకు అసలే చెప్పకు. అన్న మీద కోపం తెచ్చుకుంటరు. ఆయన యాడ తిరుగుతుండో, ఏం తింటుండో. ఇంట్ల గూడ కోపమైతె ఇగ ఎవరున్నరు?"

ఇంటికి పోయి ఏం చెప్పిందో తర్వాత తెలిసింది. పోటీలు అయిపోయిన సంగతి ఇంట్లో వాళ్లకు తెలియదు గనక, ఆ ఉత్తరమే పిలుపనీ, ఇసుకలో ఉరుకుతుంటే మోకాలు బెణికిందనీ, తానే రానని చెప్పిందనీ. నాలుగు రోజులు ఇంట్లో కుంటింది కూడా. చిన్నమ్మ ఆవనూనె కాచి మర్దన చేసింది. నేను చూడటానికి పోయినప్పుడు మంచం మీద కాలు చాపుకొని ఉంది. తల్లి వేళ్లు మోకాలి మీద ఆడుతుంటే నొప్పి ఉన్నట్టు మొహం పెట్టి, నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. ఆ తర్వాత ఆమె మైదానానికి రాలేదు. డ్రిల్ సారు పిలవలేదు. పదో తరగతి పాసయింది, కండెలు చుట్టింది, సాంచా కార్మికుడికిచ్చి పెళ్లి చేశారు. అతను కొన్నాళ్లకు దుబాయి పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. పిల్లల్ని ఆమే పెంచింది. నా కొలువు ఆ పోటీల మరుసటి సంవత్సరమే పర్మనెంట్ అయింది. డ్రిల్ సారు రిటైరైన రోజు దండలు వేసి మాట్లాడమంటే, మైకు ముందు నిలబడి, నేను ఒక పిల్లకు అన్యాయం చేసిన అని మాత్రం అని కూర్చున్నారు. ఎవరికీ అర్థం కాలేదు. నాకర్థమైంది. ఆయన చేసింది ఏమీ లేదని లేచి చెప్పాలనిపించింది, లేవలేకపోయాను.

ఎన్నో ఏళ్ల తర్వాత తమ్ముడు లొంగిపోయి బయటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, దగ్గు పట్టుకుంది, అయినా కళ్లు అవే. అప్పటికి చిన్నబాపు లేడు. ఊరిలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకొని, నెమ్మదిగా నలుగురిలో కలిశాడు. ఆ ఏడాది మా ఇంట్లో ఒక శుభకార్యానికి అందరం కూడినప్పుడు, భోజనాల దగ్గర చెల్లె వడ్డిస్తుంటే, ఆమెనే చూస్తూ అడిగాడు.

"నువ్వు చిన్నప్పుడు మస్తుగ ఉరుకుతుంటివి గదనే. పేపర్ల నీ పేరు వస్తదని లోపల అడవిల ఎదురుచూస్తుంటి. ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

ఆమె చేతిలో పప్పు గిన్నె ఉంది. గరిట ముంచి, వడ్డించి, "మోకాలు నొచ్చిందన్నా," అని నవ్వి, పక్క విస్తరి దగ్గరికి జరిగింది. వాడు నిజమే అనుకున్నాడు. మోకాళ్ల నొప్పులకు అడవిలో వాళ్లు వాడిన ఆకు ఏదో చెప్పాడు. నేను ఎదురుగా కూర్చొని అన్నం కలుపుతూనే ఉన్నాను. ఇంగ్లీషు టీచర్ను, పిల్లల వెంట వచ్చిన, గంతె అన్నదాన్ని, రెండోసారి కూడా నిజం చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్లు మారిపోయాయి. ఠాణా ముందు ఇసుక బస్తాల గోడ ఉండేచోట పూలమొక్కలు పెంచుతున్నారు. జగిత్యాల పోయే బస్సును దారిలో ఎవరూ ఆపరు. ఆ కాలాన్ని భయం లేకుండా మాట్లాడుకునే రోజులొచ్చాయి, అది మంచిదే. అప్పట్లో అటువైపున్న వాళ్లు, ఇటువైపున్న వాళ్లు ఇప్పుడు పెళ్లిళ్లలో ఒకే వరుసలో కూర్చొని భోంచేస్తున్నారు. టీవీ వాళ్లు వచ్చి తమ్ముడి చేత గంటలు గంటలు మాట్లాడించుకొని పోతారు. ఒకసారి ఒక రిటైరైన పోలీసు అధికారి కూడా వచ్చి, ఇద్దరూ పాత సంగతులు చెప్పుకుంటుంటే మేమంతా చుట్టూ కూర్చొని విన్నాం. ఎన్ని ఊళ్లు, ఎన్ని దారులు, ఎంతమంది పేర్లు వచ్చాయో. చెల్లె అందరికీ చాయ ఇచ్చి, గోడవారగా కూర్చొని వింటోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఆమెకేం జరిగిందని? ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. తప్పు ఎవరిదో వేలుపెట్టి చూపిద్దామంటే నా చేతిరాత తప్ప నాకు వేరే ఏదీ కనబడదు. అప్పుడు నోరు విప్పితే కొలువు పోయేది. ఇప్పుడు ఏమీ పోదు, కానీ విప్పి ఎవరికి చెప్పాలో తెలియని వయసు వచ్చింది.

ఇది రాద్దామనుకున్నాక మొదట ఆమె దగ్గరికే పోయాను. యాభై దాటిన మనిషి, వాకిట్లో కూర్చొని మినుములు ఏరుతోంది. గీ సంగతి రాస్తున్న, రాయాల్నా వద్దా నువ్వే చెప్పు అన్నాను. చాలాసేపు ఏరుతూనే ఉంది. రాళ్లు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు.

"రాస్తె రాయి," అన్నది చివరికి. "గని పేర్లు రాయకు అక్కా. అన్న రోజూ పేపర్ సదువుతడు."

రాయలేదు.